ఎనిమిదింటికి కోసిన వేర్లు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే మొహం మీదే నవ్వే మనిషిని నేను. మా వీధిలో ఒకామెకు ఏడాదికోసారి పూనకం వస్తుంది. అది కూడా కోడలు పుట్టింటికి పోతానన్న వారంలోనే వస్తుంది. ఇట్లాంటివి చూసి చూసి నాకు రోత. చచ్చినవాళ్లకు బతికినవాళ్ల కొంపల చుట్టూ తిరగడం తప్ప వేరే పని లేదా అనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. కాబట్టి ఇది చదివి నన్ను కూడా ఆమె పక్కన నిలబెట్టకండి.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. మధ్యలో కాస్త చీకటి, కుక్క అరుపు పెడదామా అని అడిగింది. అవేవీ లేవు, జరిగింది పట్టపగలు, ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను.

తిరుపతిలో ఒక కాలేజీ. పేరు చెప్పను. అక్కడ జీవశాస్త్రం ల్యాబులో మా ఆయన మునిరత్నం ముప్పై ఏళ్లు అటెండరుగా పనిచేశాడు. రెండేళ్ల కిందట కంచం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూ పక్కకు ఒరిగిపోయాడు. అంతే. ఆయన ఉద్యోగం నాకిచ్చారు, కానీ తాత్కాలికంగా. ఏడాది పనిచేయాలి. ఆ తర్వాత ల్యాబు చూసే మేడమ్ ఈమె పనికొస్తుందని ఉత్తరం రాయాలి. రాస్తే ఉద్యోగం ఖాయం, రాయకపోతే ఇంటికి. ఇంట్లో కళ్లు కనపడని మా అత్త, నేను. మా ఇద్దరికీ ఆ ఉద్యోగం తప్ప మరో దిక్కు లేదు. ఇక్కడ చెప్పేదంతా ఆ ఉత్తరం కోసం కాచుకుని ఉన్న ఏడాదిలో జరిగింది.

నా పని తొమ్మిదిన్నరకు తాళం తీయడం, ఊడవడం, గాజు సామాన్లు కడగడం. పిల్లలు నన్ను ఆయా అనేవాళ్లు. ముఖం చూసి కాదు, చేతిలోని చీపురు చూసి. కడిగిన గ్లాసు అడిగి పుచ్చుకుని, అందులో నీళ్లు తాగి, ఎక్కడపడితే అక్కడ పెట్టి పోయేవాళ్లు. అందులో అంతకుముందు ఏమి పోశారో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు, అయినా చెప్పేదాన్ని కాదు.

ఆ ఏడాది మేడమ్‌కు కొత్త ఆలోచన వచ్చింది. డిగ్రీ రెండో ఏడాది పిల్లలకు పరిశోధన పరిచయం చేయాలట. పుస్తకంలో ఉన్నదే చూసి రాయడం ఇక చాలు, తెలియనిది కనుక్కోవడం నేర్పిస్తానని ప్రిన్సిపాల్ ముందు ఉపన్యాసం ఇచ్చింది. ఫొటో తీశారు. కొత్తగా కుట్టించిన తెల్లకోట్లు వేసుకుని ఇరవై మంది నిలబడ్డారు. పెళ్లిలో వడ్డనవాళ్లు కూడా అంతకంటే పనిమంతుల్లా కనిపిస్తారు.

ఇంతకీ ఆ పరిశోధన ఏమిటంటే ఎర్రగడ్డలు. వేరే జిల్లాల వాళ్లు ఉల్లిపాయ అంటారే, అవే. గ్లాసు నిండా నీళ్లు పోసి, దాని మూతి మీద ఎర్రగడ్డను కూర్చోబెడితే మూడు నాలుగు రోజుల్లో అడుగునుంచి తెల్లటి వేర్లు దిగుతాయి. ఆ వేర్ల కొసలు కోసి, రంగు పెట్టి, గాజు పలక మీద వేలితో నొక్కి మైక్రోస్కోపులో చూస్తే లోపలి కణాలు ఒకటి రెండుగా చీలడం కనిపిస్తుందట. మూడు రకాల నీళ్లు తెచ్చారు. కుళాయి నీళ్లు, స్వర్ణముఖి ఏటి నీళ్లు, నగరి వైపు బట్టలకు రంగులద్దే చోట కాలువ నీళ్లు. ఏ నీళ్లలో కణాలు సరిగ్గా చీలకపోతే ఆ నీళ్లు చెడ్డవన్నమాట. ఆ కాలువ నీళ్లు వంకాయ రంగులో ఉన్నాయి. అవి చెడ్డవని చెప్పడానికి ఇరవై మంది, ఇరవై తెల్లకోట్లు.

మొదటి రోజు సగం గ్లాసుల మీద ఎర్రగడ్డను తలకిందులుగా పెట్టారు. మొలక వచ్చే కొస నీళ్లలో, వేరు వచ్చే పీఠం పైన. పుట్టి ఇరవై ఏళ్లు అన్నం తిన్నవాళ్లు. నేను చీపురు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. మేడమ్ కూడా రెండు గ్లాసులు దాటిపోయాకే గమనించింది.

అసలు తప్పు అది కాదు. వేర్లకు ఒక వేళ ఉంది. పొద్దున ఎనిమిదికీ ఎనిమిదిన్నరకీ మధ్య కోయాలి. కణాలు బాగా చీలేది అప్పుడే. పొద్దెక్కితే తగ్గిపోతుంది. కోసిన వెంటనే స్పిరిటు, ఆసిడు కలిపిన నీళ్లలో వేయాలి. అది కూడా ఏ రోజుది ఆ రోజే కలపాలి. ఇదంతా మేడమ్ బోర్డు మీద రాసింది. రాసి, తను తొమ్మిదీ నలభైకి వచ్చేది. పిల్లలు టిఫిన్లు కానిచ్చి, ఫోన్లు చూసుకుని పదకొండుకు కోసేవాళ్లు. మైక్రోస్కోపులో ఏమీ కనపడేది కాదు. అయినా లెక్కలు రాసేవాళ్లు. నేను బల్ల తుడుస్తుంటే నా ముందే రాసేవాళ్లు, నాకు చెవులు లేనట్టు.

"పోయినసారి నలభై రాసినాం కదరా. ఈసారి ముప్పై ఎనిమిది ఎయ్యి, మార్పుంటాది" అన్నాడు ఒకడు.

ఒక్క పిల్ల మాత్రం రాయలేదు. పేరు నఫీసా. వాళ్ల నాయన శ్రీకాళహస్తిలో టైలరు. కనపడని చోట ఖాళీగా వదిలేసేది. ఖాళీ గడులు చూసి మిగతావాళ్లు నవ్వేవాళ్లు. మార్కులు కూడా ఖాళీగానే వస్తాయని మేడమ్ అంది.

ఒక మంగళవారం నేను ఎప్పటిలాగే తొమ్మిదిన్నరకు తాళం తీశాను. తలుపు తీయగానే ముక్కు పొడిచే పులుపు వాసన. కిటికీ కింద బల్ల మీద ఒక్కో రకం నీళ్లకు మూడు చొప్పున తొమ్మిది గ్లాసులు, వాటి మీద తొమ్మిది ఎర్రగడ్డలు. ముందురోజు సాయంత్రానికి వేలెడు దిగిన వేర్లు ఇప్పుడు కోసేసి ఉన్నాయి. ప్రతి గ్లాసు ముందూ ఒక చిన్న సీసా, బిరడా పెట్టి ఉంది. సీసాలో తెల్లటి కొసలు, అన్నీ ఒకే పొడుగు, వడ్లగింజంత.

నేను భయపడలేదు. మేడమ్ దగ్గర ఇంకో తాళంచెవి ఉందేమో, ముందే వచ్చి పోయిందనుకున్నాను. మేడమ్ తొమ్మిదీ నలభైకి వచ్చి, నేను కోశాననుకుంది.

"మునెమ్మా, పిల్లల ప్రయోగం ముట్టుకోవద్దని చెప్పానా లేదా?" అంది, అందరి ముందూ.

"నేనెందుకు కోస్తాను మేడమ్. మా ఇంట్లో కోసేదానికి ఎర్రగడ్డలు లేవా?" అన్నాను.

పిల్లలు నవ్వారు. ఆయా కూడా పరిశోధన మొదలుపెట్టిందన్నాడు వాళ్లలో ఒకడు. మేడమ్ నవ్వలేదు. తాళంచెవి నీ దగ్గరే ఉంది, నువ్వు కాకపోతే ఇంకెవరు అని అడిగింది. ఇంకోసారి ఇట్లా జరిగితే ఉత్తరం సంగతి మరిచిపొమ్మంది. సీసాలు పారబోసి కడగమంది.

కడుగుతున్నప్పుడు చూశాను. ప్రతి ఎర్రగడ్డకూ అన్ని వేర్లూ కోసి, ఒక్క వేరు వదిలేసి ఉంది. తొమ్మిదింటికీ అంతే. మరిచిపోతే ఒకదానికి మరిచిపోతారు, తొమ్మిదింటికీ మరిచిపోరు.

అది మా ఆయన అలవాటు. ఆయన ఉన్నన్నాళ్లూ ప్రాక్టికల్సుకు పొద్దున ఎనిమిదికల్లా పోయి వేర్లు కోసి పెట్టింది ఆయనే. ఈ వేర్ల గోల ఆయన ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా చెప్పేవాడు. నేను సగం వినేదాన్ని కాదు. అంతా గీకేయకూడదు, ఒక వేరు విడిచిపెట్టాలనేవాడు. రేపు సాంబారులో వేసేదానికి బతుకెందుకని నేను ఎగతాళి చేసేదాన్ని. "దానికి ఆ సంగతి తెలీదు కదా మునెమ్మా" అనేవాడు. ముప్పై ఏళ్లు పెద్దవాళ్లకు టీలు మోసి, ఎర్రగడ్డల మీద జాలిపడిన మనిషి.

సీసాలు కడిగేశాను. ఎవరికీ చెప్పలేదు. దయ్యమని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ అలవాటు తెలిసిన పాత పిల్లవాడెవడో నన్ను పంపించేయడానికి ఆడుతున్నాడనుకున్నాను. వాచ్‌మన్‌ను అడిగాను. కింద గ్రిల్లు తీసేది ఏడింటికి, తొమ్మిది లోపల పై అంతస్తులోని ల్యాబుకు మెట్లు ఎవరూ ఎక్కలేదన్నాడు. కిటికీలకు చువ్వలు, చువ్వలకు వల. ఎలుక దూరితే దూరాలి. ఎలుక సీసాకు బిరడా పెట్టదు.

కొత్త ఎర్రగడ్డలు పెట్టారు. వేర్లు దిగాయి. అయిదో రోజు పొద్దున మళ్లీ అదే. కోసిన కొసలు, సీసాలు, ఒక్కొక్క వేరు మిగిలి ఉండడం. ఈసారి మేడమ్ పిల్లల్ని బయటకు పంపి, నా మొహం మీదే ఉత్తరం రాయనని చెప్పేసింది. నేను కాళ్లు పట్టుకోలేదు. పట్టుకోవాలని చేతులు అనుకున్నాయి, నేను వినలేదు.

నఫీసా మాత్రం బయటకు పోలేదు. తలుపు దగ్గర నిలబడి అంది.

"మేడమ్, గది తాళంచెవి ఈ అమ్మ దగ్గరుండాది, సరే. ఆసిడు సీసా యాడుండాది?"

ఆసిడు మేడమ్ బీరువాలో ఉంటుంది. ఆ తాళంచెవి మేడమ్ హ్యాండుబ్యాగులో ఉంటుంది. గది తీసేది నేను, బీరువా తీసేది మేడమ్. ఇద్దరిలో ఏ ఒక్కరి వల్లా ఆ పని కాదు. ఇది కనిపెట్టడానికి మేడమ్‌కు వారం రోజులు పట్టింది, అదీ పక్కనున్న పిల్ల చెబితే. ఆమె డాక్టరేటు గోడకు తగిలించి ఉంది, చుట్టూ చెక్క చట్రంతో.

మేడమ్ బ్యాగు తెరిచి బీరువా తాళంచెవి ఉందో లేదో చూసుకుంది. తర్వాత సరే, తేల్చుకుందామంది. ఇంకోసారి ఎర్రగడ్డలు పెట్టించింది. వేర్లు దిగిన గురువారం సాయంత్రం మమ్మల్ని ఇద్దర్నీ నిలబెట్టి చూపించింది. తొమ్మిది ఎర్రగడ్డలు, నిండుగా వేర్లు. సీసాలన్నీ ఖాళీగా అలమరలో. బీరువాకు తాళం వేసింది. గదికి నా తాళం తీసేసి, బజారులో తనే కొన్న కొత్త తాళం వేసింది. తాళంచెవులన్నీ తన బ్యాగులో పెట్టుకుంది. పొద్దున తను వచ్చేదాకా మెట్లెక్కవద్దని నాకు చెప్పింది. కిందికి దిగేటప్పుడు ఆ వదిలేసిన వేరు సంగతి నఫీసా అడిగితే, అది మా ఆయన అలవాటని చెప్పాను.

శుక్రవారం తొమ్మిదికి ముగ్గురం కలిసి ఎక్కాము. తాళం వేసింది వేసినట్టే ఉంది. మేడమే తీసింది.

వాసన ముందొచ్చింది. నేను గడప దగ్గరే ఆగిపోయాను. ఎండ బల్ల మీద నేరుగా పడుతోంది. తొమ్మిది ఎర్రగడ్డలు, తొమ్మిది సీసాలు. గ్లాసుల్లో నీళ్లు మూతి వరకూ నింపి ఉన్నాయి. బ్లేడు కడిగి, తుడిచి, అద్దుడు కాగితం మీద ఆరబెట్టి ఉంది. బీరువా తాళం కదల్లేదు. మేడమ్ బీరువా తీసి ఆసిడు సీసా వెలుతురుకు ఎత్తి చూసింది. తగ్గిందో లేదో మాకు చెప్పలేదు. స్టూలు మీద కూర్చుండిపోయింది.

ఈసారి ప్రతి సీసాలోనూ ఒక చిన్న కాగితం ముక్క వేసి ఉంది, పెన్సిలుతో రాసి. అది ఏ నీళ్లదో, ఏ రోజుదో అట్లా లోపలే రాసి వేస్తారు. పెన్నుతో రాస్తే కరిగిపోతుందట. నఫీసా ఒక ముక్కను చిన్న పట్టకారుతో తీసి నాకు చూపించింది.

"ఇది మీ ఆయన రాతేనా అమ్మా?"

నాకెట్లా తెలుస్తుంది? ఇరవై ఎనిమిదేళ్లు కాపురం చేశాను, ఆయన రాత ఎట్లా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. చూసినా చీమలు పాకినట్టే ఉండేది. చదువుకున్నదాన్నయితే అది ఔనో కాదో అక్కడే తేలిపోయేది. నా చదువు లేనితనానికి నేను సిగ్గుపడింది జీవితంలో ఆ ఒక్కసారే.

సామాన్ల పాత రిజిస్టర్లు అలమరలో ఉన్నాయి, వాటిలో ఆయన రాత ఉంటుంది, పక్కపక్కన పెట్టి చూద్దామంది నఫీసా. అలమర దగ్గరకు నడిచింది కూడా. అప్పుడు మేడమ్ లేచింది. నఫీసా చేతిలోది లాక్కుని, మిగతా ఎనిమిదీ తీసి, కుళాయి కింద వేసి నీళ్లు తిప్పింది. ముక్కలు తూములోకి పోయేదాకా నిలబడి చూసింది.

తెలియనిది కనుక్కోవడం నేర్పిస్తానన్న మనిషి ఆమె.

పదకొండుకు పిల్లలు వచ్చారు. తానే ఎనిమిదికి వచ్చి కోశానని, ఇకనైనా సిగ్గు తెచ్చుకోండని మేడమ్ వాళ్లతో చెప్పింది. వాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆ కొసలతో మర్నాడు గాజు పలకలు చేశారు. మొదటిసారి మైక్రోస్కోపులో కనపడ్డాయి. గది ఈ చివర నుంచి ఆ చివరదాకా అరుపులు. నఫీసా నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్లి కూర్చోబెట్టింది. ఒక కన్ను మూసుకుని చూడమంది. ఏడాదిగా తుడుస్తున్నాను గానీ దాంట్లోకి ఎప్పుడూ చూడలేదు. ఎర్రటి గళ్లు. ఒక గడిలో ముగ్గుపిండి కుప్పను మధ్యలో ఊదితే రెండు పక్కలకూ పోయినట్టుంది. ఇంకోదాంట్లో అప్పటికే రెండు కుప్పలయ్యాయి. అంతే. దీనికోసమా ఆ మనిషి చలికాలం కూడా చన్నీళ్లు పోసుకుని, పొద్దున్నే అన్నం తినకుండా పరుగెత్తింది అనుకున్నాను. లేచి పోదామనుకుని ఇంకో గడి కూడా చూశాను.

సాయంత్రం మేడమ్ నన్ను పిలిచింది. ఉత్తరం రాసి కవరులో పెట్టి ఉంది. కవరు మీద చెయ్యి తీయకుండా మాట్లాడింది.

"ఆ తాళం సంగతి మన ముగ్గురి మధ్యే ఉండనీ మునెమ్మా."

"నాకేమి మేడమ్. సెప్పినా నా మాట ఎవురింటారు?" అన్నాను.

చెయ్యి తీసింది.

నఫీసా తన రికార్డు పుస్తకంలో, వేర్లు కోసినవారు అనే చోట, తెలియదు అని రాసింది. మేడమ్ ఆ పేజీ మార్చి రాయమంది. ఆ పిల్ల మూడుసార్లు మార్చి రాసింది, మూడుసార్లూ అదే రాసింది. చివరికి మేడమ్ ఆ పేజీ తీసేసి, పుస్తకం మళ్లీ కుట్టించింది. ప్రిన్సిపాల్ వచ్చినరోజు మిగతా పంతొమ్మిది మందీ గోడకు పెద్ద కాగితాలు అంటించి, ప్రతిరోజూ ఎనిమిదికల్లా వచ్చి తామే కోశామని గడగడా చెప్పారు. పరిశోధన పరిచయం బాగా జరిగిందని అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. నఫీసాకు ఇచ్చారో లేదో నేను చూడలేదు. చూడాలనిపించలేదు.

ఆ శుక్రవారమే నఫీసా నాతో ఒక్కటే అంది. రేపటి నుంచి ఎనిమిదికి నేనే వస్తాను, నువ్వొచ్చి తాళం తీస్తావా అమ్మా అని. శ్రీకాళహస్తి నుంచి మొదటి బస్సులో వచ్చేది. కొత్త తాళంచెవి మేడమ్ నా చేతికే ఇచ్చేసింది, ఆసిడు కూడా ముందురోజే బయట పెట్టి పోయేది. నేను తిట్టుకుంటూ ఏడున్నరకే పోయేదాన్ని. తీసిన ప్రతిరోజూ వేర్లు నిండుగా, ఎవరూ ముట్టకుండా ఉండేవి. ఆ పిల్ల కోసేది. ఒక వేరు వదలమని నేను చెప్పలేదు. తనే చూసి నేర్చుకుంది. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ అట్లా జరగలేదు.

నా ఉద్యోగం ఖాయమైంది. ఇక్కడితో ఆపేయమంటోంది మా చెల్లెలి కూతురు. ఆపను. ఇంకొకటుంది, అది సిగ్గుమాలినది, అయినా చెబుతాను.

ఖాయమైనట్టు కాగితం వచ్చిన వారంలో నేను ఇంట్లో ఒక ఎర్రగడ్డ తీసుకున్నాను. పై పొర ఒలిచి, ఎండిన పాత వేర్లు బ్లేడుతో గీకి, స్టీలు గ్లాసు మీద కూర్చోబెట్టి, వంటింటి కిటికీలో పెట్టాను. పక్కన కొత్త బ్లేడు పెట్టాను. రోజూ నీళ్లు మార్చాను. వేర్లు దిగాక, సెలవు పెట్టి మరీ, అయిదు పొద్దులు ఎనిమిది కాకముందే వంటింట్లోంచి లేచి వచ్చి, మా అత్త మంచం పక్కన గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఎందుకు వంట మానేసి కూర్చున్నావని ఆమె అడిగింది. నడుం నొప్పి అన్నాను. ఎనిమిదిన్నరకు లేచి వెళ్లి చూసేదాన్ని.

వేర్లు గ్లాసు అడుగుకు తగిలి, వంకరలు తిరిగి, చుట్టుకున్నాయి. బ్లేడు పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆరో రోజు ఆ ఎర్రగడ్డ పులుసులోకి కోశాను.

తాళాలు వేసిన గదిలో ఆ వేర్లు కోసింది ఎవరో ఈ రోజుకీ నాకు తెలియదు. చదువుకున్న మేడమ్‌కూ తెలియదు. మా ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు.